ఆఫ్రికా జీడిపిక్కల మీద దిగుమతి సుంకం పెంచితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతుకి గిట్టుబాటవుతుందా?

ఉద్దానం రైతు: 80 కిలోల జీడిపిక్కల బస్తాకి 16 వేలు ఇవ్వమని అడుగుతున్నాం. పలాస ఫ్యాక్టరీలు ఆఫ్రికా పిక్క తెచ్చుకుని మా ధర పడగొడుతున్నాయి. 2018 బడ్జెట్‌లో దిగుమతి సుంకం 5 శాతం నుంచి 2.5కి తగ్గించారు. మళ్లీ పెంచాలి.

కాశీబుగ్గ వ్యాపారి: బెనిన్, టాంజానియా లాంటి పేద దేశాల పిక్కకి ఆ సుంకం కూడా లేదు బాబూ. పెంచితే సరుకు ఆ దారిన వస్తుంది. మీ పంట వేసవితో సరి. తర్వాత బాయిలర్ ఆర్పేసి కూలీలను ఇంటికి పంపమంటారా?

సోంపేట కుర్రాడు: మద్దతు ధర ఇస్తే పోయె కదన్నా.

ఉద్దానం రైతు: ఎవరిస్తారు తమ్ముడూ? కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో జీడి లేదు. సుంకం ఢిల్లీలో ఆర్థిక శాఖది. తోటల సంగతి చూసే జీడి డైరెక్టరేట్ కొచ్చిలో ఉంది. అరకు కాఫీ కొనడానికి గిరిజన సహకార సంస్థ జీసీసీ ఉంది. మా పిక్క కొనడానికి ఎవరున్నారు?

మందస అమ్మాయి: మా అమ్మ పిక్కలు కొడుతుంది. జీడి రసానికి వేళ్లు కాలిపోయాయి. ఆమె కూలి మాట ఒక్కరూ ఎత్తరేం?

కాశీబుగ్గ వ్యాపారి: ముందు పిక్క ఆరబెట్టి తెమ్మనండి. పచ్చిది తెస్తే తరుగు తీయక ఏం చేస్తాం?

ఉద్దానం రైతు: పోయినేడు మూడెండలు ఆరబెట్టి తెచ్చాను. అయినా బస్తాకి రెండు కిలోలు తీశారు. తేమ చూసే మిషన్ ఏదంటే, నచ్చకపోతే పట్టుకుపో అన్నారు. మళ్లీ తరుగంటారా!

కాశీబుగ్గ వ్యాపారి: ఆ కొట్టు నాది కాదు. అందర్నీ ఒకే గాట కట్టొద్దు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి తోటలు కూలినప్పుడు, పరిహారం అందేలోగా మీ ఊళ్లకి అప్పులిచ్చింది మాలాంటి వాళ్లం కాదా?

ఉద్దానం రైతు: ఇచ్చారు, కాదనను. ఆ అప్పుకే కదా పిక్క రాలగానే మీ గోదాముకి తోలుతున్నాం! జీడి మొక్క మళ్లీ వేస్తే కాపుకి మూడు నాలుగేళ్లు. అన్నాళ్లూ వడ్డీ పెరిగింది. ధర అడిగే నోరు నాకు అక్కడే పోయింది.

కాశీబుగ్గ వ్యాపారి: అయితే అప్పు ఇవ్వడం మానేయమంటావా?

ఉద్దానం రైతు: బ్యాంకు ఇవ్వాలంటున్నాను. పిక్క గోదాములో పెట్టుకుంటే దాని మీద బ్యాంకే అప్పివ్వాలి. అప్పుడు ఆగస్టులో మీ దగ్గరికే వస్తాను, ధర మాట్లాడుకుని అమ్ముతాను.

మందస అమ్మాయి: అప్పుడైనా మా అమ్మకి చేతి తొడుగులు కొనండి.