ప్లాటినం ప్రింట్ల యూవీ డబ్బా: మూతకు స్విచ్ ఉండాల్సిందేనా?

పర్లాకిమిడి_కుర్రాడు
అందరికీ నమస్కారం. నేను ప్లాటినం-పల్లాడియం ప్రింట్లు, అంటే ఆ లోహాల ఉప్పులు పూసిన కాగితం మీద ఫోటోలు, వేస్తాను. మందు పూసిన కాగితానికి నెగటివు ఆనించి ఎండలో పెట్టడమే ఇన్నాళ్ళూ నా పద్ధతి. ఆషాఢం వచ్చిందంటే మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు కమ్ముకుని వారాల తరబడి ఎండ మొహం కనపడదు. అందుకని మూసేసిన ఓ స్క్రీన్ ప్రింటింగ్ షాపు నుంచి పాత ఎక్స్‌పోజింగ్ డబ్బా కొన్నాను. కింద ఎనిమిది యూవీ (అతినీలలోహిత) ట్యూబులు, మీద గాజు, దానిమీద రేకు మూత. మూత ఎత్తినా ట్యూబులు వెలుగుతూనే ఉంటాయి. మధ్యలో మూడు నాలుగు సార్లు ఎత్తి బొమ్మ ఎంత పడిందో చూడటం నాకు అలవాటు. ఎత్తగానే ఆరిపోయే స్విచ్ పెట్టించమని ఒకరు, ఉత్త భయమని ఇంకొకరు. మీరేమంటారు?

బరంపురం_పాతకెమెరా
ఉత్త భయమే తమ్ముడూ. ఈ పద్ధతి కనిపెట్టిన విలియం విల్లిస్ 1873లో ప్లాటినం పద్ధతికి పేటెంట్ తీసుకున్నప్పుడు ఈ ట్యూబులెక్కడివి? ఎండకే అచ్చు వేశారు. ఈ డబ్బాలో ఉన్నదీ ఎండలో ఉండే యూవీ-ఏ కిరణాలే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాట్లు వేసేవాళ్ళ కంటే నీకెక్కువ తగులుతాయా? పైగా స్విచ్ పెడితే కొత్త చిక్కు. ట్యూబు వెలిగిన కొత్తలో ఒకలా, వేడెక్కాక ఇంకోలా ఇస్తుంది. ఎత్తినప్పుడల్లా ఆరి వెలిగితే నీ టైము లెక్క గల్లంతు. పల్లాడియం ధర చూశావా ఈ మధ్య?

జయపురం_స్క్రీన్
బాబూ, ఫ్లెక్సీలు రాకముందు నుంచీ ఈ డబ్బా మీదే బతికినోణ్ణి, నా మాట ఒకటి విను. కరోనా ఏడాది నా ఆరు ట్యూబుల్లో రెండు పోయాయి. షాపులో యూవీ ట్యూబు అని అడిగితే ఇచ్చీసేరు. పిన్నులు సరిగ్గా కూర్చున్నాయి, నీలంగా వెలిగాయి, ఇంకేటి కావాలి? పెళ్ళికార్డు స్క్రీను ఎక్స్‌పోజ్ చేసి నీళ్ళు కొట్టీసరికి రెండు చారల మేర ఎమల్షన్ (స్క్రీను మీద పూసే మందు, యూవీ తగిలితే గట్టిపడాలి) కరిగి కారిపోయింది. ఏ ట్యూబు మందగించిందో చూద్దామని గాజు పక్కకి తీసీసి, వెలుగుతుండగానే ఐదు నిమిషాలు వంగి చూసేను. అప్పుడేం లేదు. రాత్రి పదకొండుకి లేచీసరికి కళ్ళలో గుప్పెడు ఇసక పోసినట్టుంది. వెల్డింగ్ చూశావా అని డాక్టరు గారు అడిగేరు.

తెల్లారి చూస్తే ఆ రెండు ట్యూబుల గాజు తేటగా, లోపలి తీగ కనపడేలా ఉంది. క్రిములు చంపేవి, 254 నానోమీటర్ల తరంగాలవి! మన పనికొచ్చేది 365 దగ్గర. దానికి లోపల తెల్ల పూతయినా ఉంటుంది, గాజయినా నలుపు కలిసిన నీలంగా ఉంటుంది. 254ని మామూలు గాజు ఆపీస్తుంది కాబట్టే స్క్రీను గట్టిపడలేదు. గాజు తీసింది నేను కదా, అదే నా కళ్ళకి తగిలింది.

బరంపురం_పాతకెమెరా
అన్నా, అది తప్పుడు ట్యూబు కథ. దానికి 365ని ఉరి తీస్తే ఎలా?

గుణుపురం_మాస్టారు
ఎండలో నడుస్తూ సూర్యుడి వంక ఎవరైనా చూస్తారా బాబూ? కళ్ళు చికిలిస్తాం, చెయ్యి అడ్డం పెడతాం, కంటిపాప చిన్నదవుతుంది. ఈ ట్యూబేమో ఊదారంగు గుడ్డి దీపంలా ఉంటుంది. మసక గదిలో కంటిపాప విచ్చుకునే ఉంటుంది. కన్ను తనంతట తాను మూసుకునేంత మిరుమిట్లు అందులో లేవు.

ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ కమిషన్ కంటికి పెట్టిన హద్దు ఎనిమిది గంటల్లో చదరపు సెంటీమీటరుకు 1 జౌలు యూవీ-ఏ. నా డబ్బా గాజు మీద మీటరు పెడితే చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు చూపించింది. భాగిస్తే 200 సెకన్లలో ఆ హద్దు నిండుతుంది. ముఖం గాజుకి ఆనించి ఎవరూ చూడరు, దూరం జరిగితే తగ్గుతుంది, నిజమే. కానీ రోజుకి పది ప్రింట్లు, ప్రింటుకి నాలుగు సార్లు ఎత్తడం, ఇలా ఏళ్ళ తరబడి. 254 ఆ రాత్రికే చెప్పేస్తుంది. 365 చెప్పదు. శుక్లాల్లో దాని వాటా మెల్లగా పడుతుంది.

గాజు ఉంది కదా అని ధీమా వద్దు. గాజు 365ని వదులుతుంది కాబట్టే నీ ప్రింటు పడుతోంది. పాలీకార్బనేట్ కళ్ళద్దాలు, పక్కలు మూసినవి, పెట్టుకో. రంగుల చలవ కళ్ళద్దాలు నమ్ముకోకు. ఎవరైనా 395 ఎల్ఈడీలు వాడుతుంటే రంగులేని పాలీకార్బనేటు పూర్తిగా ఆపదు, పసుపుది కావాలి.

టైము గొడవకి స్విచ్ కాదు, మూత ఎత్తే అలవాటే కారణం. ఒక్కసారి స్టెప్ టాబ్లెట్‌తో (మెట్లు మెట్లుగా నలుపు పెరిగే ఫిల్ము పట్టీ) టెస్టు ప్రింటు వేసి టైము ఖాయం చేసుకుంటే ఇక తొంగి చూసే పనేముంది?

రాయగడ_టీచరమ్మ
నేను బడిపిల్లలతో ఎండలో సైనోటైపులు (నీలిరంగు ఫోటో అచ్చులు) వేయిస్తాను. డబ్బా దగ్గరికి మాత్రం రానివ్వను, స్విచ్ ఉన్నా సరే. ఇంకో సంగతి ఎవరూ అనలేదు. బొల్లి మచ్చలకి సొరాలెన్ మందు వాడేవాళ్ళు, బావంచాలు నూరి పూసుకునేవాళ్ళు ఈ వెలుతురు దగ్గర చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయి, ఆ మందు పనిచేసేదే యూవీ-ఏ తగిలి. మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ వేసుకునేవాళ్ళూ మన కొండ ఊళ్ళలో ఉంటారు, వాళ్ళకీ చర్మం తొందరగా కమిలిపోతుంది.

మీరంతా దీపం గురించే కొట్టుకుంటున్నారు గానీ, ప్లాటినం ఉప్పు పొడి పీల్చి ఉబ్బసం తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. బొమ్మ తేల్చే డెవలపరులోని ఆక్సలేటు విషం. దాన్ని వంటింటి గిన్నెలో కలిపితే మాత్రం ఊరుకోను.

పర్లాకిమిడి_కుర్రాడు
మాస్టారూ, అన్నా, అక్కా, ధన్యవాదాలు. ప్లగ్గు పీకి గాజు తీసి చూశాను. ఎనిమిదీ పాలతెలుపే, హమ్మయ్య. తర్వాత గది చీకటి చేసి, మూత వేసి వెలిగించాను. ఫ్యాను సందు ముందు కుర్చీ మీద ఆ రోజే ఉతికిన తెల్ల బనీను ఉంది. దాని మీద అడ్డంగా నీలి చార మెరిసింది! సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే మందు యూవీకి అలా మెరుస్తుందట. బనీను చేత్తో పట్టుకుని డబ్బా చుట్టూ తిరిగితే ఇంకో రెండు సందులు బయటపడ్డాయి. నేను రోజూ కూర్చునే కుర్చీ అది.

బరంపురం_పాతకెమెరా
బనీను ఉపాయం బావుంది, ఒప్పుకున్నా. స్విచ్ సంగతి మాత్రం ఒప్పుకోను.

పర్లాకిమిడి_కుర్రాడు
ఒప్పుకోకండి అన్నా. 230 వోల్టులకి పనికొచ్చే మైక్రోస్విచ్ ఒకటి చెప్పి ఉంచాను, రేకు పెట్టెకి ఎర్తింగు కూడా లేదని ఎలక్ట్రీషియను తిట్టి వెళ్ళాడు. అది వచ్చేదాకా ప్లగ్గు పీకాకే మూత ఎత్తుతున్నాను. ఫ్యాను సందుకి నల్లరంగు వేసిన రేకు ముక్క ఎల్ ఆకారంలో వంచి అడ్డం పెట్టాను, గాలి వస్తోంది, వెలుతురు రావట్లేదు. నిన్నటి ప్రింటు నీడల్లో కాస్త పలచగా పడింది, ఇంకో నిమిషం పెంచి చూస్తా.