ఫోర్-హెచ్ షూటింగ్ క్లబ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా వాలంటీర్ చేద్దామనుకుంటున్నా, నాకేమో తుపాకీ పట్టడమే రాదు

వెదురువిల్లు

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 10 ఏళ్లు. పోయిన సమ్మర్‌లో కౌంటీ ఫెయిర్‌లో ఫోర్-హెచ్ (అమెరికాలో పిల్లలకి రకరకాల పనులు, ఆటలు నేర్పే సంస్థ) వాళ్ల స్టాల్ దగ్గర విల్లు పట్టుకుని ఓ ఆరు బాణాలు వేసింది, ఇక అప్పట్నుంచి ఇంట్లో వేరే మాట లేదు. సరే చేర్పిద్దామని మా కౌంటీలో ఫోర్-హెచ్‌ని నడిపే ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది, వెయిటింగ్ లిస్టు ఉంది, విల్లులు ఉన్నాయి, జాగా ఉంది, నేర్పే పెద్దవాళ్లే లేరు అని. అక్కడితో ఆగకుండా "మీరు వాలంటీర్ చేస్తారా" అని అడిగేసింది. నేను నోరు జారి "ఆలోచిస్తా" అన్నాను. రెండు రోజుల్లో ఫారం మెయిల్‌లో వచ్చేసింది.

ఇప్పుడు టెన్షన్ ఏంటంటే, విల్లంటే నాకు చిన్నప్పుడు వెదురుబద్దకి పురికొస కట్టి ఆడుకున్నదే, తుపాకీ అయితే సినిమాల్లో చూడటమే. ఆ ఫారంలో ఆర్చరీ, రైఫిల్, పిస్టల్, షాట్‌గన్, మజిల్‌లోడింగ్ (గొట్టం మూతిలోంచి మందు దట్టించే పాతకాలం తుపాకీ) అని వరసగా గళ్లు ఉన్నాయి, ఏది టిక్ పెట్టాలో తెలియదు. పైగా నేను హెచ్‌వన్‌బీ వర్క్ వీసా మీద ఉన్నాను, దానికీ దీనికీ ఏమైనా లింకు ఉందా? మా ఆవిడేమో "ఇంట్లోకి తుపాకీ వస్తే నేను బయటికి పోతా" అంటోంది. ఎవరైనా చేసినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.

గురితప్పినగోపి

నాలుగేళ్లుగా ఆర్చరీ నేర్పుతున్నానండీ, నా పేరు చూశారుగా, నా గురి ఇప్పటికీ అంతే. కాబట్టి మీ మొదటి భయం పక్కన పెట్టేయండి. క్లబ్‌కి కావలసింది బాగా కొట్టేవాడు కాదు, ఎనిమిది మంది పిల్లలు లైన్ మీద నిలబడితే ఎవరి చెయ్యి ఎటు పోతోందో కనిపెట్టుకుని ఉండేవాడు. మా దగ్గర ఒకాయన వేటలో ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు, వచ్చిన మొదటి నెలలోనే వెళ్లిపోయాడు, ఎందుకంటే పిల్లలు చెప్పిన మాట వినరు కదా, ఆయనకి కోపం ఆగేది కాదు.

పద్ధతి ఏంటంటే ముందు వాలంటీర్ అప్లికేషన్, బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల రక్షణ మీద ఆన్‌లైన్ కోర్సు. ఇది ఫోర్-హెచ్‌లో కుట్లు అల్లికలు నేర్పేవాళ్లకైనా ఉండేదే. ఆ తర్వాత రాష్ట్రం స్థాయిలో ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్, మామూలుగా ఒక వీకెండ్ మొత్తం పడుతుంది. 21 నిండి ఉండాలి. సర్టిఫికెట్ ఏ విభాగంలో తీసుకుంటే ఆ విభాగమే, ఆర్చరీ సర్టిఫికెట్ పెట్టుకుని పక్క లైన్‌లో రైఫిల్ నేర్పడం కుదరదు. వేరే సంస్థలో ఇన్‌స్ట్రక్టర్ కార్డు ఉన్నవాళ్లు కూడా మళ్లీ ఇక్కడ కూర్చోవాల్సిందే, అందులో చాలా భాగం పిల్లలతో ఎలా మెలగాలన్నదే ఉంటుంది మరి.

నేర్పేటప్పుడు ఎక్కువ పని విజిల్‌తోనే. రెండు ఊదితే లైన్ దగ్గరికి రావాలి, ఒకటి ఊదితే వెయ్యొచ్చు, మూడు ఊదితే వెళ్లి బాణాలు తెచ్చుకోవాలి, ఐదు అంతకుమించి ఊదితే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. నేను మొదటి క్లాసులో బాణం ముట్టుకోనివ్వను, విజిల్ ఆటే ఆడిస్తా. బోర్ అంటారు, అననివ్వండి.

కొత్తవాళ్లు అనుకోనిది ఇంకోటి ఉంది, బాణాలు వేసేటప్పటికంటే పీకేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. టార్గెట్‌లో దిగిన బాణాన్ని పిల్ల బలమంతా పెట్టి లాగుతుంది, అది ఒక్కసారిగా ఊడొస్తే దాని వెనక కొస వెనకాల నిలబడ్డవాడి మొహానికి తగులుతుంది. ఒక చెయ్యి టార్గెట్‌కి ఆనించి, రెండో చేత్తో బాణాన్ని టార్గెట్‌కి దగ్గరగా పట్టుకుని, పక్కకి నిలబడి లాగాలి, వెనక ఎవరూ ఉండకూడదు. పరిగెత్తడం అసలు వద్దు. ఇలాంటివే ట్రైనింగ్‌లో చెప్పేది, ఇవి నేర్చుకోవడానికి మీరు విలుకాడు కానక్కర్లేదు.

ప్రయారిటీడేట్2013

గోపి గారు అసలు సంగతి వదిలేశారు. వెదురువిల్లు గారూ, ఆ ఫారంలో రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ గళ్ల జోలికి ఇప్పుడే పోకండి. అమెరికా ఫెడరల్ చట్టం, 18 యూఎస్‌సీ 922(జి)(5), నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ తమ చేతిలో ఉంచుకోకూడదంటుంది. హెచ్‌వన్‌బీ, వాళ్ల భార్యాపిల్లలకిచ్చే హెచ్‌ఫోర్, స్టూడెంట్ల ఎఫ్‌వన్ అన్నీ అందులోకే వస్తాయి. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో కాసేపు చేతికి తీసుకున్నా అది చేతిలో ఉన్నట్టే లెక్క. 15 ఏళ్ల దాకా జైలు రాసి ఉంది చట్టంలో. మినహాయింపులు ఉన్నాయి, అందులో మనవాళ్లు ఎక్కువ వాడుకునేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. ఐ-వన్‌ఫార్టీ (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినంత మాత్రాన ఏమీ మారదు, అది గ్రీన్‌కార్డు కాదు కదా. గ్రీన్‌కార్డు చేతికొస్తే ఈ గొడవ లేదు.

నేను ఇది తెలియక రైఫిల్ ట్రైనింగ్‌కి పేరు ఇచ్చేశా. ఇంకో నాలుగు రోజుల్లో క్లాసు అనగా ఆఫీసులో కొలీగ్ మాటల్లో చెప్పాడు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే ఫోన్ చేసి ఆర్చరీకి మార్పించుకున్నా. క్లబ్ వాళ్లని తప్పు పట్టలేం, వాళ్లలో చాలామందికి వీసా అంటే క్రెడిట్ కార్డే.

విల్లుకి ఈ చట్టం వర్తించదు. గాలితో పేలే ఎయిర్ రైఫిల్, చిన్న గుండ్రటి గుళ్లు వేసే బీబీ గన్ కూడా ఫెడరల్ లెక్కలో తుపాకీ కిందికి రావు, మందు పేలి గుండుని తోస్తేనే తుపాకీ అని దాని నిర్వచనం. అయితే రాష్ట్రాల లెక్క వేరు, న్యూజెర్సీలో ఎయిర్ గన్ కూడా తుపాకీయే. అందుకని మీ రాష్ట్రం సంగతి, మీ కేసు సంగతి లాయర్‌ని అడిగి అడుగు వెయ్యండి, నా మాట పట్టుకుని కాదు.

మీ అమ్మాయి ఇక్కడే పుట్టి ఉంటే తనకి ఈ సమస్య లేదు. మావాడు హెచ్‌ఫోర్‌లో ఉండి ఫోర్-హెచ్‌లో చేరాడు, మా ఇంట్లో ఇదో జోకు. వాడికి ఆర్చరీ, ఎయిర్ రైఫిల్ మాత్రమే.

కిటికీపక్కసీటు

వార్తల్లో రోజూ చూస్తున్నది చాలదా? స్కూళ్లలో కాల్పులు జరిగే దేశంలో పదేళ్ల పిల్లకి ఇది ఎందుకండీ? చెస్, స్విమ్మింగ్, కూచిపూడి ఎన్ని లేవు. నాకైతే మీ ఆవిడ మాటే రైట్ అనిపిస్తోంది.

సీసంచేతులు

కిటికీపక్క గారూ, మీ భయం అర్థమైంది, నేనూ అదే మాట అన్నదాన్నే, ఇప్పుడు ఎయిర్ రైఫిల్ కోచ్‌ని. మూడేళ్లయింది. నన్ను మార్చింది ఎవరి ఉపన్యాసమూ కాదు, మావాడి స్నేహితుల ఇంట్లో బీరువా మీద తుపాకీ ఉందని వాడే వచ్చి చెప్పడం. ఈ దేశంలో మన ఇంట్లో లేకపోయినా పక్కింట్లో ఉంటుంది, అప్పుడు పిల్లాడు ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పెద్దవాళ్లకి చెప్పాలి కదా. అది క్లబ్ నేర్పుతుంది. అయినా మీకు ఇష్టం లేదంటే అదీ సబబే, నేను వాదించను.

వెదురువిల్లు గారూ, మీ ఆవిడతో చెప్పండి, ఇంటికి ఏమీ రానక్కర్లేదు. మా క్లబ్‌లో రైఫిళ్లన్నీ క్లబ్‌వే, క్లాసయ్యాక లెక్కపెట్టి తాళం వేసి పెడతాం. మనిషి ఆకారంలో ఉన్న టార్గెట్లు ఫోర్-హెచ్‌లో నిషేధం, ఆటకైనా ఎవరి మీదికీ గురిపెట్టనివ్వం. పిల్లలకి మొదట నేర్పేది మ్యాట్ అని మూడు అక్షరాలు: మజిల్, యాక్షన్, ట్రిగ్గర్. గొట్టం మూతి ఎప్పుడూ ప్రమాదం లేని వైపు, యాక్షన్ (గుండు పెట్టి మూసే భాగం) తెరిచి ఖాళీగా, వేలు ట్రిగ్గర్ బయట. ఖాళీ అని తెలిసేలా రంగు ప్లాస్టిక్ జెండా ఒకటి లోపల దూర్చి పెడతాం, అది కనబడకపోతే నేను మాట్లాడటం ఆపేస్తా, పిల్లలే ఒకరినొకరు చూసుకుని సర్దుకుంటారు.

ఎయిర్ రైఫిల్‌లో పెద్దగా ఎవరూ చెప్పనిది సీసం. 4.5 మిల్లీమీటర్ల ఆ చిన్న పెల్లెట్లు మామూలుగా సీసంతోనే చేస్తారు, వేళ్లకి అంటుతుంది. రేంజ్‌లో తినడం తాగడం లేదు, అయిపోగానే చల్లనీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోవాలి. నాతో మొదటి నెల గొడవపడింది పిల్లలు కాదు, స్నాక్స్ డబ్బాలు పట్టుకొచ్చిన తల్లులు. అందుకే ఈ పేరు పెట్టుకున్నా. బీబీలు అయితే గట్టి వస్తువుకి తగిలి వెనక్కి ఎగిరొస్తాయి, లైన్ వెనక కూర్చున్న నానమ్మకి కూడా కళ్లజోడు పెట్టిస్తా.

ఇక ఈ ఆటలో ఏముంది అంటే, ఒలింపిక్ ఎయిర్ రైఫిల్‌లో 10 మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్‌లో నడిమి పది అనే చుక్క అర మిల్లీమీటరు. దానికోసం పదకొండేళ్ల పిల్లాడు ఊపిరి వదిలి, కదలకుండా నిలబడి, కుదరకపోతే తుపాకీ దించి మళ్లీ మొదలుపెట్టడం చూడాలి మీరు. మావాడు హోంవర్క్ ముందు అలా పది క్షణాలు కూర్చుంటే బావుండు అనుకుంటా, అది మాత్రం జరగట్లేదు.

చిన్నపిల్లల బీబీ పోటీలు 5 మీటర్లలో ఉంటాయి, వాటి నేషనల్స్ ఆర్కన్సా రోజర్స్‌లో జరుగుతాయి, అందులో షూటింగ్‌తో పాటు రాతపరీక్ష కూడా ఉంటుంది. రాతపరీక్ష అనగానే మన తల్లిదండ్రుల మొహాలు వెలిగిపోవడం నా కళ్లతో చూశాను.

కాలేజీలెక్క

రాతపరీక్ష మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, దీనికి కాలేజీ అడ్మిషన్‌లో ఏమైనా కలిసొస్తుందా? ఎన్‌సీఏఏలో, అంటే అమెరికా కాలేజీల క్రీడాపోటీల్లో, రైఫిల్ ఉంది కదా.

గురితప్పినగోపి

ఉంది. అమ్మాయిలు అబ్బాయిలు కలిసే పోటీ పడతారు కూడా. 2016 రియోలో ఎయిర్ రైఫిల్ గోల్డ్ కొట్టిన జిన్నీ త్రాషర్ అప్పుడు వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ స్టూడెంటే. కానీ టీమ్ ఉన్న కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, బ్రో. దాని కోసం పిల్లని తెస్తే రెండో నెలకే మాకు తెలిసిపోతుంది, పిల్ల టార్గెట్ వైపు కాకుండా వెనక నాన్న వైపు చూస్తుంటుంది. అలాంటి నాన్నలకి నేను బాణాలు లెక్కపెట్టే పని అప్పగిస్తా.

వెదురువిల్లు గారూ, ఒక పని చేయండి. మీ అమ్మాయిని రెండు చేతులూ చాచి, బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య చిన్న త్రికోణం చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడమనండి. అలాగే చూస్తూ చేతుల్ని మెల్లగా మొహం దగ్గరికి తెచ్చుకోమంటే, ఏ కంటి దగ్గరికి వస్తే ఆ కన్ను బలమైనది. విల్లు ఏ చేతిదో తేల్చేది ఆ కన్నే, రాసే చెయ్యి కాదు.

వెదురువిల్లు

అందరికీ చాలా థ్యాంక్స్. ప్రయారిటీడేట్ గారూ, మీరు చెప్పకపోతే నేను రైఫిల్ గడిలో టిక్ పెట్టేసేవాణ్నే, అది ఆర్చరీ కంటే సులువేమో అనుకున్నా. ఆర్చరీ ఒక్కటే పెట్టి పంపించా, ట్రైనింగ్ వచ్చే నెల శని, ఆదివారాలు. మా ఆవిడ "విల్లంటే సరే" అంది, సీసం అక్కయ్య రాసింది రెండుసార్లు చదివింది కూడా. మన ఆర్చర్ జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు గోల్డ్‌లు కొట్టిన వీడియోలు ఇప్పుడు తల్లీకూతుళ్లు కలిసి చూస్తున్నారు.

త్రికోణం పరీక్ష పెట్టాను. అమ్మాయి కుడిచేత్తో రాస్తుంది, కన్ను మాత్రం ఎడమ. ఫెయిర్‌లో వేసిన ఆరు బాణాలూ ఎందుకు పక్కకి పోయాయో ఇప్పుడు అర్థమైంది, నేను గాలి అనుకున్నా. మరి ఎడమచేతి విల్లు క్లబ్‌లో ఉంటుందా, మనం కొనుక్కోవాలా?

గురితప్పినగోపి

కొనకండి. ఇప్పుడే ఫోన్ చేసి ఒకటి పక్కన పెట్టమని అడగండి, మా క్లబ్ మొత్తానికి ఎడమచేతి విల్లులు రెండే.