నిలబడి కాచుకున్నా సేవేనా? మిల్టన్ పాదం గురించి (బెంగళూరు తెలుగువాళ్ల మాటలు; మనుషుల పేర్ల బదులు వాళ్ల పేటల పేర్లు)

బసవనగుడి: డిగ్రీలో చదివిన ఇంగ్లీషు కవి మిల్టన్ సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) చివరి పాదం నిన్నటి నుంచి బుర్ర తింటోంది. ‘దే ఆల్సో సర్వ్ హూ ఓన్లీ స్టాండ్ అండ్ వెయిట్’, అంటే ఊరికే నిలబడి వెయిట్ చేసేవాళ్లూ సేవ చేస్తున్నట్టే అని. ఆ ‘ఓన్లీ’ ఉందా, నేనే చేర్చానా?

మల్లేశ్వరం మాస్టారు: ఉందమ్మా. తీసేస్తే పది అక్షరాలకు రెండు తగ్గుతాయి. అసలు తగాదా ‘వెయిట్’ దగ్గర. అందరూ ఓపిగ్గా ఎదురుచూడటం అనుకుంటారు. పై పాదాల్లో దేవుడి ఆజ్ఞ మీద వేలమంది నేలా సముద్రమూ దాటి పరుగులు తీస్తున్నారు కదా! మిగిలినవాళ్లు సింహాసనం పక్కన నిలబడినవాళ్లు. అంటే కొలువులో ఉన్నవాళ్లు.

మారతహళ్లి: ఒప్పుకోను మాస్టారూ. చూపు పోయిన మనిషి రాసుకున్నది, ఎదురుచూపే. యెషయా 40:31లో ఇంగ్లీషు ‘వెయిట్ అపాన్’కి మన బైబిల్లో ‘యెహోవాకొరకు ఎదురు చూచువారు’ అనే ఉంది.

మల్లేశ్వరం మాస్టారు: అది హీబ్రూ మాట చేసిన పని. మిల్టన్ ఇంగ్లీషు సంగతి చెప్పు.

జయనగర్: మీ ఇద్దరికీ ‘కాచు’ సరిపోతుంది. ‘వెయిట్’ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానర్థం కనిపెట్టి ఉండటం, పొంచి ఉండటం. మనమూ చేను కాస్తాం, దారి కాస్తాం, ఒకరి కోసం కాచుకుంటాం. (పాలు కాచడం వేరు, దాన్ని లాక్కురాకండి.)

మారతహళ్లి: మరి వడ్డన? వెయిటర్ నిలబడి కనిపెట్టుకునుంటాడు కాబట్టి వెయిటర్. మన ఊళ్లో సప్లయర్. దర్శినిలో (నిలబడి తినే టిఫిన్ హోటల్లో) అయితే నిలబడేదీ కాచుకునేదీ తినేవాళ్లే, సర్వ్ చేసుకునేదీ వాళ్లే!

బసవనగుడి: 😄

మల్లేశ్వరం మాస్టారు: జయనగర్ గారి ‘కాచు’ బాగుంది కానీ, దాని అందం రక్షించడంలో ఉంది. పోతన ఏనుగు ‘కావవే వరద’ అన్నప్పుడు మడుగులో నిలబడి కాచుకున్నదీ అదే, కాపాడమన్నదీ అదే క్రియతో. మిల్టన్‌కి ఈ వీలు లేదు.

జయనగర్: అది కాస్త లాగినట్టుంది. ఏనుగు కాచుకోలేదు, పోరాడి అలిసిపోయింది. ‘లావొక్కింతయు లేదు’ అంది కదా.

మల్లేశ్వరం మాస్టారు: అలిసిపోయాకే కదండీ కాచుకోవడం!

మారతహళ్లి: ఆ పద్యంలోనే నాకో సందేహం. ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’లో ఆ నకారం ద్రుతమేనా (వ్యాకరణంలో పదం చివర చేరే నకారం)? మా నాన్నగారు ‘తప్ప ఇతఃపరం’ అనే చదివేవారు.

జయనగర్: విడగొడితే పద్యం నడక పోతుంది. ద్రుతమే.

మల్లేశ్వరం మాస్టారు: ‘తప్ప’కి ద్రుతం ఏ సూత్రంతో వచ్చిందో చెప్పండి చూద్దాం.