దక్కన్ సూఫీల మీద పీహెచ్‌డీ: ఈటన్ దారిలో వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సంధ్య_కరీంనగర్
అందరికీ నమస్కారం. ఎంఏ హిస్టరీ అయిపోయింది, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కి చదువుతున్నాను. అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ బీజాపూర్ సూఫీల మీద రాసిన పుస్తకం చదివినప్పటి నుంచి మనసంతా అటే ఉంది. 1972లో విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ, తర్వాత అరిజోనాలో ఉద్యోగం, 1978లో ఆ పుస్తకం, 1993లో బెంగాల్ మీద ఇంకోటి, 2005లో మళ్లీ దక్కన్ సామాజిక చరిత్ర. బతుకంతా సూఫీలూ సుల్తానులూ వాళ్ల చుట్టూ ఉన్న మామూలు జనమే. ఎక్కడో అమెరికాలో ఉండి ఆయన అంత చేస్తే ఇక్కడే పుట్టిన మనం ఎందుకు చేయకూడదని నా పట్టుదల. ఫార్సీ ఎంత వస్తే సరిపోతుంది? గైడ్‌ని ఎలా వెతుక్కోవాలి? దర్గాల వాళ్లు నాలాంటి హిందూ అమ్మాయికి కాగితాలు చూపిస్తారా? ఆ తర్వాత ఉద్యోగం మాటేంటి? ఇంట్లో ఇదే టెన్షన్.

ఫార్సీ_పాతకాపు
అమ్మా సంధ్యా, ముందు ఫార్సీ, మిగతావన్నీ ఆ తర్వాతే. ఈటన్ పీహెచ్‌డీకి ముందే 1960లలో పీస్ కోర్ అనే అమెరికా సేవా సంస్థ వాలంటీరుగా ఇరాన్‌లో ఉండి వచ్చాడు, అంటే భాష నోటికి వచ్చాకే కాగితం పట్టాడు. ఇప్పటి పిల్లలు నాలుగు ఇంగ్లిష్ అనువాదాలు చదివి సూఫీల మీద థీసిస్ అంటారు, నాకు ఒళ్లు మండుతుంది.

అచ్చు పుస్తకం చదవడం వేరు, దస్తావేజు చదవడం వేరు. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల కాగితాలు లక్షకు పైనే ఉన్నాయి, చాలా మటుకు షికస్తా అనే గొలుసుకట్టు రాత. అందులో నుక్తాలు, అంటే అక్షరాల చుక్కలు, పెట్టరు, కాబట్టి బే, పే, తే, సే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. దాల్, రే, వావ్ లాంటివి తర్వాతి అక్షరానికి అంటకూడదు కదా, గుమాస్తా కలం ఎత్తకుండా వాటినీ కలిపేస్తాడు. పంక్తి చివర చోటు చాలకపోతే మిగిలిన మాటను పైకి ఎక్కిస్తాడు. లెక్కలన్నీ సియాఖ్ గుర్తుల్లో ఉంటాయి, అవి అసలు అంకెల్లాగే ఉండవు. సూఫీలలో భూములున్నవాళ్లు ఒక వర్గంగా ఎలా తయారయ్యారో ఈటన్ చెప్పగలిగాడంటే ఇనాం ఫర్మానాలు, అంటే భూములిచ్చిన రాజాజ్ఞలు, చదివే కదా. హైదరాబాదులో షికస్తా గడగడా చదివేవాళ్లలో నేనొకణ్ని, అనుమానమున్నవాళ్లు కాగితం తెచ్చి పరీక్ష పెట్టుకోవచ్చు.

షబానా_కడప
సంధ్యా, భాష కంటే ముందు డబ్బు సంగతి చూసుకో. మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని 2022 డిసెంబరులో ఆపేశారు, సరిగ్గా నేను దాని మీద ఆశ పెట్టుకున్న సమయంలో. నీకు అది ఎలాగూ వర్తించదు కానీ చెబుతున్నా, ఎందుకంటే ఈ సబ్జెక్టులోకి రావాలనుకున్న నాలాంటి వాళ్లు చాలామంది అక్కడే ఆగిపోయారు. ఇప్పుడు నెట్‌లో పై మార్కులవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఒక్కటే గట్టి దిక్కు, నెలకి 37,000. ఉత్త నెట్ అర్హతతో సరిపెట్టుకోవద్దు, జేఆర్‌ఎఫ్ కొట్టు.

ఇంకో మాట. ఒక యూనివర్సిటీ ఇంటర్వ్యూలో నన్ను అడిగారు, మీరు ముస్లిం కదా, సూఫీల గురించి నిష్పక్షపాతంగా రాయగలరా అని. తిరుమల చరిత్ర రాస్తానని వచ్చిన హిందువుని ఆ మాట ఎవరైనా అడుగుతారా? ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది.

నంద్యాల_మాస్టారు
షబానా గారూ, అలా అడిగినవాళ్లకి బుద్ధి లేదు, మీరు రాసి చూపించండి.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఈటన్ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది చక్కీనామా సంగతి. దక్కనీ భాషలో, అంటే ఇక్కడి పాత ఉర్దూలో, సూఫీలు రాసిన తిరగలి పాటలు ఉన్నాయి, ఆడవాళ్లు పిండి విసురుతూ పాడుకునేవి. తిరగలి పిడి అలిఫ్ అక్షరంలా నిలబడి ఉంటుంది కాబట్టి అది అల్లా, నడుమ ఉన్న ఇరుసు మహమ్మదు ప్రవక్త అని పాటలోనే చెబుతారు. రాట్నం మీద చర్ఖానామాలు కూడా ఉన్నాయి. మసీదులో ప్రసంగం వినని ఇల్లాలికి ఇస్లాం వంటింట్లోంచి, పని పాటలోంచి చేరిందని ఆయన వాదం. ఇది దర్బారు చరిత్రల్లో దొరికే విషయమా? మా పిల్లల్ని పీర్ల పండుగప్పుడు ఊళ్లకి పంపి పాటలు రికార్డు చేయించాను, అందులో కొన్ని విసుర్రాయి పాటల బాణీలోనే ఉన్నాయి. ఆ పని చేసిన ఒక అమ్మాయి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది, నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల మీద మన తెలుగు కవి అఫ్సర్ 2013లో ఇంగ్లిష్‌లో పుస్తకం తెచ్చారు, అది చదివారా? ఊళ్లో జనం ఏమంటున్నారో విని రాసిన పుస్తకం అది.

ఫార్సీ_పాతకాపు
మాస్టారూ, పాటలు బాగుంటాయి, కాదనను. కానీ పాటకి తేదీ ఉండదు, రాసిందెవరో ఉండదు, నోళ్లలో నలిగి మారిపోతుంది. చరిత్రకారుడికి పునాది కాగితమే. పాట దాని మీద వేసే రంగు మాత్రమే.

జనగామ_రవి
పాతకాపు గారూ ఈ మాట మీద నేను ఊరుకోలేను. ఈటన్ 2005 పుస్తకం తెరిచి చూడండి. ఎనిమిది మంది జీవితాల చుట్టూ రాశాడు, ప్రతాపరుద్రుడితో మొదలై గుల్బర్గా గేసూదరాజ్, మహమూద్ గవాన్, రామరాయలు, మలిక్ అంబర్, తుకారాం అలా వస్తుంది. అందులో ఒకరు మొఘలుల మీద తిరగబడ్డ మా సర్వాయి పాపన్న. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఫార్సీ చరిత్రని పట్టుకుంటే పాపన్న ఉత్త బందిపోటు, కల్లు గీసుకునే కులంవాడికి కోటలెందుకు అన్నట్టే రాసుకొచ్చాడు. మనిషిని మనిషిగా చూపించింది తెలుగు కథాగేయం. హసన్, హుసేన్, దూదేకుల పీరు, చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు వీళ్లంతా ఆయన దళంలో ఉన్నారని చెప్పింది ఏ ఫర్మానా? పాటే కదా! ఆ పేర్లు లేకపోతే ఇవాళ ఎవడో ఒకడు దీన్ని హిందూ ముస్లిం గొడవ చేసి పెట్టేవాడు. మా ఊళ్ల వైపు కథ చెప్పేవాళ్లు ఇప్పటికీ ఆ పేర్లు చెబుతారు.

ఫార్సీ_పాతకాపు
తమ్ముడూ, ఆవేశం తగ్గించు. ఆ పాట అచ్చులోకి వచ్చింది 1870లలో, అదీ బళ్లారిలో ఒక ఇంగ్లిష్ అధికారి రాయించుకుంటే. పాపన్న చచ్చిపోయింది 1710లో. నడుమ నూట అరవై ఏళ్లు. ఖాఫీ ఖాన్ ఆ కాలంలో బతికినవాడు. 1708లో వరంగల్ మీద దాడి, మొహర్రం రోజులు చూసి కొట్టడం, ఆ వివరమంతా ఎవరు చెప్పారు? ఫార్సీలో రాసినవాళ్లే కదా. ఆ తేదీలు తీసేస్తే నీ పాపన్న రాములవారి కథలో మనిషి అయిపోతాడు.

జనగామ_రవి
ఆ కాలంవాడైతే అబద్ధం రాయడా? శత్రువు నోటి మాట కదా అది! పన్నులు పిండిన జమీందార్లు, కోటలో దాక్కున్న షావుకార్లు, వీళ్ల వైపు నుంచి రాసింది. పాపన్న కొట్టింది హిందూ జమీందార్లనీ, ముస్లిం ఫౌజుదార్లనీ, అంటే మొఘల్ సైనికాధికారుల్నీ, ఇద్దరినీ.

షబానా_కడప
పాతకాపు గారూ, రవి అన్న చెప్పినదాంట్లో న్యాయం ఉంది. మీరు పాటకి పెట్టిన పరీక్షే కాగితానికీ పెట్టండి. బీజాపూర్ పుస్తకంలో మొదటి అధ్యాయాల్లో యోధ సూఫీలు వస్తారు, కత్తి పట్టి దక్కన్‌కి వచ్చిన తొలి తరం వాళ్లు. వాళ్ల గురించి ఈటన్‌కి దొరికినవి చాలావరకు వాళ్లు పోయిన ఎన్నో తరాల తర్వాత రాసిన తజ్కిరాలు, అంటే సూఫీల జీవితకథలు. కార్ల్ ఎర్న్‌స్ట్ అనే ఇంకో పండితుడు ఖుల్దాబాద్ చిష్తీ సూఫీల మీద 1992లో రాసిన పుస్తకంలో సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు, వెనకటి కాలపు భక్తుల కథల్ని తొలి తరానికి అంటగట్టకూడదని. అవీ ఫార్సీలోనే ఉన్నాయి కదా, మరి వాటికి నూట అరవై ఏళ్ల లెక్క ఎందుకు వేయరు?

ఫార్సీ_పాతకాపు
ఎర్న్‌స్ట్ వాదన నాకు మీరు చెప్పక్కర్లేదు, ఆ పుస్తకం వచ్చిన కొత్తలోనే చదివాను. తజ్కిరాని తజ్కిరాలా చదవాలి, ఫర్మానాని ఫర్మానాలా చదవాలి. ఆ తేడా తెలియాలన్నా భాష రావాలి. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే, మీరెవరూ వినిపించుకోవడం లేదు.

కోల్‌కతా_ప్రసాద్
మీరంతా దక్కన్ దగ్గరే ఆగిపోయారు. ఈటన్ పేరు నిలబెట్టింది బెంగాల్ పుస్తకం. గంగ ప్రవాహం తూర్పుకి జరగడం, అడవులు నరికి వరి పొలాలు చేయడం, ఆ పని చేయించిన పీర్లకి మొఘలులు భూములివ్వడం, అలా తూర్పు బెంగాల్లో రైతులు నెమ్మదిగా ముస్లింలు కావడం. కత్తి వల్ల కాదు, సూఫీల బోధ ఒక్కదాని వల్లా కాదు, నాగలి వల్ల. కత్తి వల్లే అయితే ఢిల్లీ చుట్టూ అందరూ ముస్లింలు అయ్యుండాలి కదా. సంధ్య గారూ, మీరు కృష్ణా, తుంగభద్రల దగ్గర చెరువులూ ఇనాములూ చూస్తే ఇలాంటి ప్రశ్న అడగొచ్చు.

డల్లాస్_మూర్తి
అందరూ ఈటన్‌ని తెగ పొగుడుతున్నారు. ముస్లిం పాలకులు గుళ్లు కూల్చిన లెక్క 80 అని చెప్పినవాడు ఈయనే కదా. దాని మీద ఎవరూ మాట్లాడరేం?

జనగామ_రవి
మూర్తి గారూ, ఆ వ్యాసం పూర్తిగా చదివి మాట్లాడండి. దాడి చేసిన రాజు ఓడిన రాజు గుడిని ఎందుకు పడగొడతాడు అన్నది దాని అసలు విషయం. అంకె ఒక్కటి పట్టుకుని...

అడ్మిన్
గుళ్ల లెక్క మీద వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ ఇంకొక్క పోస్టు పడినా తీసేస్తాను. అడిగిన అమ్మాయికి సమాధానం చెప్పండి.

సంధ్య_కరీంనగర్
థాంక్స్ అడ్మిన్ గారూ. దర్గాల సంగతీ, ఉద్యోగం సంగతీ ఎవరూ ముట్టుకోలేదు.

షబానా_కడప
దర్గాల గురించి నేను చెబుతా. హిందువా కాదా అన్నది అక్కడ అడ్డం రాదు. కడప పెద్ద దర్గాకైనా, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకైనా వచ్చేవాళ్లలో హిందువులు ఎంతమందో నీకు తెలుసు. నీకు అడ్డం వచ్చేది ఆడపిల్లవి కావడం. చాలా దర్గాల్లో సమాధి గదిలోకి మనల్ని రానివ్వరు, గడప దగ్గరే ఆగాలి. నాకు మొదట్లో చాలా బాధగా ఉండేది. కానీ ఆ గడప బయట కూర్చునే ఆడవాళ్లు ఉన్నారే, మొక్కులవాళ్లు, దయ్యం పట్టిందని తెచ్చిన పిల్లల తల్లులు, ఏళ్ల తరబడి అక్కడే ఊడ్చే ముసలమ్మలు, వాళ్లు చెప్పే కరామత్ కథలు, అంటే పీర్ల మహిమల కథలు, లోపలికి వెళ్లే మగ రీసెర్చర్‌కి ఎప్పుడూ దొరకవు. పీర్ సాహెబ్ ఎవరి కలలోకి వచ్చాడు, ఏమన్నాడు, ఏ కులం ఆమెకి బిడ్డనిచ్చాడు, అన్నీ చెబుతారు. నా థీసిస్‌లో సగం వాళ్లే.

ఇక కాగితాలు దర్గా పీఠాధిపతి సజ్జాదా గారి ఇంట్లో ఉంటాయి. ఇనాం కాగితం అడిగితే భూమి కేసు కోసం వచ్చావేమోనని భయపడతారు, ఎందుకంటే చాలా దర్గా భూములు కోర్టుల్లో ఉన్నాయి. అందుకని కాగితం ముందు అడగొద్దు. షజరా చూపించమను, గురుపరంపర చెప్పడం వాళ్లకి ఇష్టం, గర్వం. ఇంటి ఆడవాళ్లతో స్నేహం చేసుకో. పెట్టె వాళ్లే తెరుస్తారు.

నంద్యాల_మాస్టారు
అమ్మా సంధ్యా, ఉద్యోగం గురించి ఉన్నమాట చెబుతా. సూఫీ చరిత్ర అని ఏ నోటిఫికేషనూ రాదు. మధ్యయుగ భారత చరిత్ర అనే వస్తుంది, డిగ్రీ లెక్చరర్ పోస్టుకైతే చరిత్ర అంతా చదవాల్సిందే. కాబట్టి సిలబస్ వదిలేయకు. థీసిస్ రాస్తూనే తెలుగులో వ్యాసాలు రాయి. చరిత్ర పుస్తకాలు తెలుగులో కొని చదివే జనం ఉన్నారు, మన దర్గాల మీద వాళ్లకి చదవడానికి సరైనది దొరకడం లేదు, అందుకే వాట్సాప్‌లో వచ్చిన చెత్తంతా నమ్ముతున్నారు.

జనగామ_రవి
ఉద్యోగం సరే, పాతకాపు గారు నా ప్రశ్నకి జవాబివ్వలేదు. 1709లో మొఘల్ చక్రవర్తి బహదూర్ షా హైదరాబాదు వచ్చినప్పుడు పాపన్నకి ఖిలత్, అంటే గౌరవ వస్త్రాలు, ఇచ్చాడు, దాని మీద గొడవ చేసిన పెద్దల్లో షా ఇనాయత్ అనే మతపెద్ద ఉన్నాడు. సూఫీల చరిత్ర రాసేవాళ్లు గీత కార్మికుడికి బట్టలు పెడితే ఓర్వని ఆ పెద్దమనిషి గురించి కూడా రాయాలా వద్దా?

ఫార్సీ_పాతకాపు
రాయాలి. ఎవరొద్దన్నారు? కానీ ఖిలత్ సంగతి, షా ఇనాయత్ పేరు నీకు పాటలో దొరికాయా, ఫార్సీలో దొరికాయా? ఆలోచించుకో.

సంధ్యా, ఇనాం కాగితం భయం గురించి షబానా చెప్పింది నిజం, నాకూ అదే అనుభవం. ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఫార్సీ విభాగాలున్నాయి, అక్కడ అడుగు. ముందు ఉర్దూ చదవడం రాయడం పట్టు సాధించు, దక్కనీకి అది లేకుండా కుదరదు. మీరాంజీ షంసుల్ ఉష్షాఖ్, ఆయన కొడుకు బుర్హానుద్దీన్ జానం, మనవడు అమీనుద్దీన్ ఆలా, ఈ మూడు తరాలూ దక్కనీలో రాశారు. బీజాపూర్ సూఫీల మీద పని చేస్తానంటే వాళ్లతో మొదలుపెట్టు. షికస్తా మాత్రం పుస్తకంతో రాదు, పక్కన కూర్చోబెట్టి వేలు పెట్టి చూపించేవాళ్లు కావాలి. వస్తే నేర్పుతాను, ఫీజు అక్కర్లేదు. ఆలస్యంగా వస్తే మాత్రం ఊరుకోను.

సంధ్య_కరీంనగర్
తప్పకుండా వస్తాను సార్! షబానా అక్కా, ఆర్కైవ్స్‌కి మొదటిసారి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

షబానా_కడప
కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఆధార్, పెన్సిల్. పెన్ను తీయకు, పాత కాగితం దగ్గర సిరా మంచిది కాదు. ఫోన్‌తో ఫొటోలు తీయొచ్చో లేదో ముందే రాతపూర్వకంగా అడుగు, కౌంటరు దగ్గర నోటి మాట నమ్ముకోవద్దు. నేను వచ్చే వారం అక్కడే ఉంటా, మెసేజ్ పెట్టు.

జనగామ_రవి
షబానా అక్కా, అక్కడ వరంగల్ సర్కారు (అప్పటి జిల్లా) కాగితాలు 1700 నుంచి 1710 మధ్యవి ఏమైనా కనిపిస్తే నాక్కూడా చెప్పు. పాతకాపు గారి దగ్గర నేనూ కూర్చుంటా, పాట కూడా తెస్తా.