అప్‌డేట్: అమ్మ మోకాళ్ల సంగతి, మూడు నెలల తర్వాత

అమ్మకు 62 ఏళ్లు, రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు, నడిస్తే ఇంకా అరిగిపోతుందని మంచం దిగడం లేదు, ఏం చేయాలి అని అప్పుడు అడిగాను. ఫిజియోథెరపిస్టుకు చూపించమన్న అందరికీ థ్యాంక్స్.

మేం చూపించిన ఫిజియోథెరపిస్టు మొదటి రోజు వ్యాయామాలు చెప్పనేలేదు. అరగంట కూర్చోబెట్టి, కదలకపోతే తొడ కండరాలు బలహీనపడి కీలు మీద భారం పెరుగుతుందని వివరించారు. అమ్మ భయం అక్కడే సగం పోయింది. నాకైతే అన్నిటికన్నా అదే ముఖ్యం అనిపించింది.

ఇప్పుడు పొద్దున్నే మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెడుతుంది, పదిసార్లు. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. మొదట్లో దిండు వేసి ఎత్తు పెంచితే గానీ లేవలేకపోయేది. మొన్న ఆ దిండు తనే తీసి పక్కన పెట్టింది. రెండో వారం నొప్పి పెరిగి చాలా టెన్షన్ పడ్డాం. మానొద్దు, తక్కువసార్లు చేయండి అన్నారు ఫిజియోథెరపిస్టు. మర్నాటికి నొప్పి మామూలుకు వస్తే ఫర్వాలేదట. కింద కూర్చుని కూరలు తరగడం మానేసి బల్ల దగ్గరకు మారింది.

నొప్పి పూర్తిగా పోలేదు. మెట్లు దిగేటప్పుడు ఇంకా రెయిలింగ్ పట్టుకుంటుంది. నిన్న మాత్రం రైతుబజారుకు నడిచి వెళ్లి నాలుగు గోంగూర కట్టలు తెచ్చింది.