పీహెచ్‌సీ నుంచి అంటువ్యాధుల నివారణ వైపు ఎట్టా వెళ్ళాలి?

ఉదయగిరి_ఎంఓ:
ఉదయగిరి వైపు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని, ఎంబీబీఎస్. అంటువ్యాధుల నివారణలోనే స్థిరపడాలనుంది. ఎండీ కమ్యూనిటీ మెడిసినా, డీఎం ఇన్‌ఫెక్షియస్ డిసీజెసా, ఎంపీహెచ్చా (ప్రజారోగ్యంలో మాస్టర్స్)? ఈలోగా ఇక్కడ ఏం నేర్చుకోవచ్చు?

ఒంగోలు_ఎస్పీఎం:
డీఎం అంటే ఎండీ అయ్యాక మళ్ళీ మూడేళ్ళు, అదీ వార్డు పని. మీరడిగేది ఊళ్ళ పని, దానికి ఎస్పీఎం, అంటే మీరన్న కమ్యూనిటీ మెడిసినే సరి. ఆపైన ఢిల్లీలో కేంద్రం వారి వ్యాధి నియంత్రణ సంస్థ ఎన్‌సీడీసీలో ఈఐఎస్ అనే శిక్షణ ఉంది. 2012లో మొదలైంది, రెండేళ్ళు, ఔట్‌బ్రేక్‌ల (జబ్బు ఒక్కసారిగా ప్రబలడం) వెంట తిరగడమే ఎక్కువ. ఎండీ వద్దనుకుంటే చెన్నైలోని ఎపిడెమియాలజీ సంస్థ ఐసీఎంఆర్-ఎన్ఐఈలో ఎంపీహెచ్, అదీ రెండేళ్ళే. కానీ రేపు మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాలంటే ఎండీనో, దానికి సమానమైన డీఎన్‌బీనో ఉండాల్సిందే. అర్హతలు ఏ ఏటికా ఏడు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

సర్వైలెన్స్_నెల్లూరు:
డిగ్రీ సంగతి అట్టుంచి, ముందు లైన్ లిస్టు, అంటే రోగికో వరస చొప్పున రాసే పట్టిక, చేతికి అలవాటు కావాలి డాక్టరుగారూ. పేరు, వయసు, వీధి, విరేచనాలు మొదలైన తేదీ, గంట, తాగేది కుళాయి నీళ్ళా క్యాను నీళ్ళా. ఈ చివరి గడే చాలామంది వదిలేస్తారు. ఫ్లోరైడ్ భయంతో క్యాన్లు కొనే మన మెట్ట ఊళ్ళలో అది లేకపోతే లిస్టు ఉన్నా లేనట్టే. ఆర్వో నీళ్ళలో క్లోరిన్ మిగలదు, కాబట్టి క్యాను శుభ్రమని ముందే తేల్చేయొద్దు.

రోజువారీ కేసుల గ్రాఫుకి ఓపీకి వచ్చిన తేదీ కాదు, జబ్బు మొదలైన తేదీ వెయ్యాలి. ఆదివారం ఓపీ ఉండదు గదా, సోమవారం గీత అమాంతం లేచి, లేని ఔట్‌బ్రేక్ కనబడుతుంది.

కబురు అందగానే పంచాయతీ వాళ్ళు ట్యాంకులో బ్లీచింగ్ కుమ్మరిస్తారు. నీళ్ళ శాంపిల్ అంతకుముందే పట్టాలి. సీసాలో క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ లేకపోతే నీళ్ళలో ఉన్న క్లోరిన్ దారిలోనే క్రిముల్ని చంపేస్తుంది, ల్యాబ్ ‘బాగున్నాయి’ అని రాసిస్తుంది. మలం స్వాబ్ యాంటీబయాటిక్ మొదటి డోసుకి ముందే తీసి, ల్యాబ్‌కి చేరేదాకా క్రిముల్ని బతికించే క్యారీ-బ్లెయిర్ మీడియంలో పెట్టండి. బ్లీచింగ్ తర్వాత ఓటీ టెస్టు (నీళ్ళలో మిగిలిన క్లోరిన్ చూసేది) ట్యాంకు కింద చేసి సరిపెట్టకండి. చిట్టచివరి కుళాయిలో కనీసం 0.2 పీపీఎం క్లోరిన్ రావాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో పైపు మురుగుకాలవలో మునిగి ఉందేమో నడిచి చూడాల్సిందే.

ఉదయగిరి_ఎంఓ:
థాంక్సండీ. నీళ్ళ సీసా ఐస్‌లో పంపుతాం గదా, స్వాబ్ కూడా ఐస్‌లోనే పంపాలా?

సర్వైలెన్స్_నెల్లూరు:
కలరా అనుమానమైతే వద్దు, మామూలు గది వేడిలోనే పంపండి. ఐస్ వాడేది నీళ్ళ సీసాకి, ఏఎఫ్‌పీ (పోలియో అనుమానంతో చూసే, ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడే జబ్బు) మలం శాంపిళ్ళకి. ఏఎఫ్‌పీకి రెండు శాంపిళ్ళు, మధ్యలో కనీసం 24 గంటలు, కాళ్ళు పడిపోయిన 14 రోజుల్లోపు.