వరదలక్ష్మి బొమ్మ గీయించుకోవడానికి రచయిత్రిని అడగాలా, అక్కరలేదా?

ఏటిగట్టు_కథలు
నేను ఇక్కడే ఎనిమిది భాగాలుగా రాసిన వరదలక్ష్మి కథను చదవనివారి కోసం రెండు మాటల్లో చెబుతాను. గోదావరి వశిష్ఠ పాయలోని ఒక లంక గ్రామంలో, అంటే నది మధ్య దీవి మీది ఊళ్లో, పుట్టిన ఈ అమ్మాయి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వెలువడగానే నూట యాభై అడుగుల ఎత్తుకు పెరుగుతుంది. వరద తీయగానే మళ్లీ ఐదడుగుల మనిషి అవుతుంది. నిన్న ఒక సభ్యుడు ఒక చిత్రకారిణికి డబ్బిచ్చి ఆమె బొమ్మ గీయించి ఇక్కడ పెట్టారు. గీయించే ముందు నన్ను ఒక్క మాట అడగలేదు. ఒకరు ఊహించి రాసిన పాత్రను మరొకరు డబ్బిచ్చి గీయించుకునేటప్పుడు రాసినవారి అనుమతి అవసరమా, కాదా అన్నది నా ప్రశ్న. పైగా ఆ బొమ్మలో కొబ్బరిచెట్టు ఆమె భుజం దాకా వచ్చింది.

దింపు_కత్తి
మా నాన్నగారు చెట్టెక్కి కొబ్బరికాయలు దించే దింపు కార్మికులు. ఆయన ఎక్కిన దేశవాళీ చెట్లలో బాగా ముదిరినవి అరవై, డెబ్బై అడుగులు ఉండేవి. నూట యాభై అడుగుల మనిషికి ఆ చెట్టు తొడ దగ్గరే ఆగిపోవాలి.

మలికిపురం_కుర్రాడు
అక్కయ్య గారూ, ఆ సభ్యుణ్ని నేనే. పేరు పెట్టి తిట్టినా నేను బాధపడను. నేను కువైట్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ మీ ఎనిమిది భాగాలనూ ఎన్నిసార్లు చదివానో నాకే లెక్క లేదు. నా జీతంలో నుంచి మూడు వేల రూపాయలు మిగిల్చి ఆ బొమ్మ గీయించాను. దాన్ని అమ్మలేదు, చొక్కాల మీద అచ్చు వేయించలేదు, నా పేరు కూడా పెట్టుకోలేదు. కింద కథ మీదని, బొమ్మ గీసినవారు ఫలానా అని రాశాను. సినిమా హీరో కటౌట్ కట్టే కుర్రాడు ఆ హీరో ఇంటికి వెళ్లి అనుమతి అడిగి కడుతున్నాడా? కొబ్బరిచెట్టు విషయానికి వస్తే, నెత్తి మీద నుంచి కాళ్ల దాకా బొమ్మ ఒక్క కాగితంలో పట్టాలి కదా. చెట్టును తొడ దగ్గర ఆపితే అది చూసేవారికి గడ్డిపరకలా ఉంటుంది.

దింపు_కత్తి
గడ్డిపరకలా ఉండాలనే కదా ఆమెను అంత ఎత్తు పెంచింది.

రాజమండ్రి_వకీలు
ఎవరూ నన్ను అడగలేదు కానీ ఇక్కడ చట్టం ఒకటి ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం రచనకు తొలి యజమాని రచయితే. అయితే ఒకరు డబ్బిచ్చి అడిగి గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, గీయించుకున్నవారే తొలి యజమాని అవుతారు. చాలామంది చిత్రకారులకు ఈ సంగతి తెలియక, బొమ్మ తమదేనని అనుకుంటూ ఉంటారు. గీసినది తానే అని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద చిత్రకారిణికి ఎప్పటికీ ఉంటుంది. బొమ్మకు యజమాని అయినంత మాత్రాన కథకు యజమాని కారు. రెండూ వేరు వేరు ఆస్తులు. పొలం ఒకరిదై, గట్టు మీద చెట్టు మరొకరిదైనట్టు.

ఏటిగట్టు_కథలు
వకీలు గారూ, నేను కోర్టుకు వెళ్తానని అనలేదు. అడగడం మర్యాద కాదా అని అడిగాను.

మలికిపురం_కుర్రాడు
చట్టం ప్రకారం బొమ్మ నాదే అని వకీలు గారే చెప్పారు. ఇక మాట్లాడేదేముంది?

రాజమండ్రి_వకీలు
నేను చెప్పిన దానిలో సగమే విన్నారు. రెండో సగం మళ్లీ చదవండి.

పాత_పంటు
మీరందరూ ఆస్తి తగాదాలోకి వెళ్లిపోయారు కనుక నేను వేరే మాట చెబుతాను. మన కథల్లో కొండంత పెరిగిన మంచివారందరూ మగవారే: వామనుడు మూడడుగులతో లోకాలన్నీ కొలిచాడు, హనుమంతుడు సముద్రం దాటాడు. ఆడవారి వంతు వచ్చేసరికి తాటక, సింహిక, పూతన. దేవతలు పంపగా వచ్చిన సురస కూడా నోరు తెరుచుకున్న రాక్షసి రూపంలోనే వచ్చింది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట ఆడేవారి దగ్గర నిలువెత్తు బొమ్మలను చూశాను; తెర మీద పాత్ర ఎంత గొప్పదైతే బొమ్మ అంత పెద్దది. అలాంటి చోట ఒక లంక పిల్ల రాక్షసి కాకుండా పెద్దదైతే, ఆమెను ఎలా నిలబెట్టాలి అన్నది గీసేవారికి నిజంగా కొత్త ప్రశ్న. ఆ బొమ్మ చూస్తే నాకు వరదలక్ష్మి కాదు, తాటక గుర్తుకు వచ్చింది. ఎందుకో చెప్పలేను.

లెక్కల_మాస్టారు
ఎందుకో నేను చెబుతాను. ఐదడుగుల మనిషిని నూట యాభై అడుగులకు పెంచితే ఎత్తు ముప్పై రెట్లు అవుతుంది, పాదం వైశాల్యం తొమ్మిది వందల రెట్లు అవుతుంది, బరువు మాత్రం ఇరవై ఏడు వేల రెట్లు అవుతుంది. ఈ సంగతిని గెలీలియో 1638లోనే వివరించాడు. పెద్ద జంతువు ఎముక చిన్న జంతువు ఎముకకు పెంచిన నకలు కాజాలదని ఆయన బొమ్మ వేసి మరీ చూపించాడు. యాభై కిలోల అమ్మాయి పదమూడు వందల యాభై టన్నులు అవుతుంది. రెండు పాదాలూ కలిపి సుమారు ఇరవై ఏడు చదరపు మీటర్లు అనుకుంటే, చదరపు మీటరుకు యాభై టన్నులు పడుతుంది. మన ఒండ్రు నేల ఆ బరువును మోయదు. మోకాలి దాకా దిగబడిపోతుంది. ఆ బొమ్మలో ఆమె ఎడమ పాదం ఒక పెంకుటింటి మీద ఉంది. ఆ ఇంట్లో ఉన్నవారి సంగతి లెక్క వేయనక్కరలేదు.

దింపు_కత్తి
మాస్టారు గారూ, కొబ్బరిచెట్టు సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

రంగులపెట్టె
బొమ్మ గీసింది నేనే. పాలకొల్లు దగ్గర ఉంటాను. పగలు ఫ్లెక్సీ షాపులో పెళ్లి బ్యానర్లు చేస్తాను, రాత్రి ఇలాంటి పనులు చేస్తాను. మా నాన్నగారికి డబ్బు తీసుకుని అడిగిన బొమ్మ గీసిచ్చే ఈ పనిని ‘కమిషన్’ అంటారని చెబితే, కొబ్బరి దళారి పుచ్చుకునేది కదా అన్నారు. నాకు వచ్చిన వివరం నాలుగు వాక్యాలు: పెద్ద అమ్మాయి, లంగా ఓణీ, కొబ్బరితోట, కింద జనం పరుగెత్తాలి. కథ చదవమని ఎవరూ చెప్పలేదు, లింకు కూడా పంపలేదు. రఫ్ స్కెచ్ చూపించాక రంగు మార్చమన్నారు, జడ మార్చమన్నారు, ఆకాశం నీలంగా ఉండాలన్నారు, ఏడుసార్లు మార్చాను. రెండుసార్లకు మించి మారిస్తే విడిగా ఇవ్వాలని ముందే చెప్పవలసింది, అది నా తప్పు. మూడు వేలను పదకొండు రాత్రులతో భాగించి చూసుకుంటే నాకు ఎంత గిట్టిందో మాస్టారు గారు చెప్పగలరు. యజమాని ఎవరని వాదించుకుంటున్న ఇద్దరిలో ఒక్కరైనా చెయ్యి ఎవరిదో అడగలేదు.

మలికిపురం_కుర్రాడు
చెల్లీ, మీరు అడిగినంతా ఇచ్చాను కదా. అందరి ముందూ ఇలా అంటే ఎలా? ఇక అక్కయ్య గారి అసలు బాధ ఏమిటో నాకు అర్థం కావడం లేదు. అనుమతి అంటారు, చెట్టు అంటారు. ఎత్తు తెలియాలంటే పక్కన చిన్నది ఏదో ఒకటి ఉండాలి. అందుకే ఇల్లు, అందుకే జనం. పెద్దగా ఉన్న మనిషిని చూస్తే భయం వేయాలి, ఆనందమూ వేయాలి. నేను ఆమెను చూసి ఆనందించాను. అది కూడా తప్పేనా?

ఏటిగట్టు_కథలు
తప్పే. ఆ కాలు ఎక్కడ పెట్టించారో చూసుకున్నారా మీరు? ఎనిమిది భాగాల్లో ఒక్కచోట కూడా వరదలక్ష్మి ఏటిగట్టు దాటి ఊళ్లో అడుగు పెట్టలేదు. ఆమె పాయలోనే నడుస్తుంది, నీళ్లలోనే కూర్చుంటుంది, పిల్లల్ని ఎత్తుకోవలసి వస్తే గట్టు మీదకు చెయ్యి చాపుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా ముప్పై ఐదు లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. మా నాయనమ్మ మా పెంకుటింటి కప్పు మీద రెండు రాత్రులు కూర్చుంది. పడవ రాలేదు. ఆ రెండు రాత్రులూ ఎవరైనా పెద్ద మనిషి వచ్చి ఎత్తుకుంటే బాగుండునని నేను అనుకున్నాను, ఆ అనుకున్న మనిషే వరదలక్ష్మి. మీరు ఆమె కాలిని ఆ కప్పు మీదే పెట్టించారు. పైన నీలం ఆకాశం! మూడో హెచ్చరిక లేకుండా ఆమె పెరగదని కథలో ఉంది. మీరు చదివింది నా కథ కాదు, మీకు కావలసిన పెద్ద అమ్మాయిని మాత్రమే చూశారు.

మలికిపురం_కుర్రాడు
ఇల్లు సంగతి నాకు తెలియదు. అది మీరు కథలో ఎక్కడా రాయలేదు.

పాత_పంటు
తాటక ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

మలికిపురం_కుర్రాడు
అక్కయ్య గారూ, ఒక మాట చెబుతాను, కోపగించుకోకండి. ఎనిమిదో భాగం ఆఖర్లో ఆమె అంతర్వేది దగ్గర సముద్రంలో నడుము లోతున నిలబడి ఉంది, వరద తీస్తోంది, ఆమె చిన్నదైతే మునిగిపోతుంది. అక్కడ ఆపేశారు. రెండేళ్లయింది. మూడుసార్లు సందేశం పెట్టాను, మీరు జవాబు ఇవ్వలేదు. ఆమెను నీళ్లలో వదిలేసింది మీరు. నాకు ఆమె నేల మీద నిలబడి ఉంటే చూడాలనిపించింది. అందుకే తోట పెట్టమన్నాను, అందుకే ఆకాశం నీలంగా ఉండాలన్నాను. వరద వెళ్లిపోయాక కూడా ఆమె ఉండాలని. కాలి కింద ఏముందో చూసుకోలేదు. అది నా పొరపాటు.

లెక్కల_మాస్టారు
మూడు వేలు, పదకొండు రాత్రులు: రాత్రికి రెండు వందల డెబ్బై రెండు రూపాయల పైచిలుకు.

రంగులపెట్టె
పాదం జరపాలంటే మొత్తం నిలుచున్న తీరే మారుతుంది. నడుము ఒంపు, లంగా మడతలు, నీడ, అన్నీ మళ్లీ గీయాలి. ఇల్లు తీసేసి అక్కడ ఏటి నీళ్లు పెట్టడం సులువు, కానీ అప్పుడు తోట గట్టు అవతలికి వెళ్లాలి, చెట్లు ఎలాగూ తగ్గించాలి. పదిహేను వందలు అవుతుంది. ఈసారి రెండు మార్పులకు మించి ఒప్పుకోను.

ఏటిగట్టు_కథలు
అందులో సగం నేను పంపుతాను. కింద మూలన మీ సంతకం పెట్టండి. ఇప్పుడున్న బొమ్మలో అది లేదు. మలికిపురం వారికి కూడా చెబుతున్నాను: ఆకాశం నీలంగానే ఉండనివ్వండి, దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఇకపై గీయించే ముందు అడగాలి అన్న మాట మీద మాత్రం నేను నిలబడే ఉన్నాను.

మలికిపురం_కుర్రాడు
అడగాలి అన్నది నేను ఇప్పటికీ ఒప్పుకోను. పదిహేను వందలూ నేనే ఇస్తాను, మీ సగం నాకు అక్కరలేదు. నాకు తొమ్మిదో భాగం కావాలి.